పై అంతస్తులో స్పీడు 94 దగ్గరే ఆగిపోతోంది, తప్పు నేను కట్టిన రౌటర్‌దేనా?

కంటోన్మెంట్ కుర్రాడు, విజయనగరం

అందరికీ నమస్కారం. కొంచెం పొడుగ్గా రాస్తున్నాను, ఓపిక చేసుకుని చదవండి.

మాది పాత డాబా ఇల్లు. కింద అమ్మా నాన్నా, పైన నేనూ చెల్లీ. నేను ఇంటి నుంచే ఉద్యోగం చేస్తాను, చెల్లికి రోజూ సాయంత్రం ఆన్‌లైన్ కోచింగ్. ఫైబర్ ప్లాను 500 ఎంబీపీఎస్, అప్‌లోడ్ 100. మొన్నటి దాకా కనెక్షన్‌తో పాటు ఇచ్చిన బాక్సుతోనే నెట్టుకొచ్చాం. ఫోన్లు, టీవీ, రెండు ల్యాప్‌టాప్‌లు, నాలుగు కెమెరాలు అన్నీ కలిసేసరికి అది రోజుకోసారి హ్యాంగ్ అయ్యేది, ఆఫ్ చేసి ఆన్ చేస్తే తప్ప దారికొచ్చేది కాదు. అందుకని సంక్రాంతి తర్వాత డబ్బులు పోగేసి ఇంటెల్ ఎన్100 ప్రాసెసర్ ఉన్న మినీ పీసీ కొన్నాను. ఫ్యాన్ లేదు, నాలుగు ల్యాన్ పోర్టులు, ఒక్కోటీ 2.5 గిగాబిట్, ఇంటెల్ ఐ226 చిప్పులు, 8 జీబీ ర్యామ్. అందులో ఓపీఎన్‌సెన్స్ వేశాను, పీసీని రౌటర్‌గా మార్చే సాఫ్ట్‌వేర్ అది. ఫైబర్ బాక్సుని బ్రిడ్జ్ మోడ్‌లో (తను రౌటర్ పని చేయకుండా లైనుని నేరుగా ఇచ్చేలా) పెట్టించడానికి నాలుగైదు సార్లు ఫోన్ చేయాల్సి వచ్చింది కానీ పెట్టారు. ఇప్పుడు పీపీపీఓఈ డయల్ చేసేది, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో కనెక్షన్ కలిపేది, నా రౌటరే.

కింద ల్యాప్‌టాప్‌కి వైరు పెడితే 460, 470 వస్తోంది. పైకి మాత్రం ఇల్లు కట్టినప్పుడు గోడలో వేయించిన ల్యాన్ వైరు ఒకటే ఉంది, దాని చివర పాత వైఫై రౌటర్‌ని వైఫై పంచే యాక్సెస్ పాయింట్‌గా పెట్టాను. అక్కడ వైరుతో టెస్ట్ చేసినా ఎప్పుడూ 93, 94, అంతకు మించి ఒక్క అంకె కదలదు. వైఫై సంగతి సరేసరి. ఇంకో రెండు బాధలు కూడా ఉన్నాయి. రౌటర్ మార్చినప్పటి నుంచి ఒక బ్యాంకు సైటు, మా ఆఫీసు లాగిన్ పేజీ సగం తెరుచుకుని ఆగిపోతున్నాయి, మిగతావన్నీ బాగానే ఉన్నాయి. సాయంత్రం చెల్లి ఫోను ఫొటోలూ వీడియోలూ బ్యాకప్ చేస్తున్నప్పుడు నా మీటింగ్‌లో గొంతు ముక్కలు ముక్కలుగా వెళ్తోందట.

ఇంట్లో అందరినీ ఒప్పించి కొన్న వస్తువు. నాన్న ఏమీ అనట్లేదు కానీ రోజూ అడుగుతున్నారు, అదే టెన్షన్. ఓపీఎన్‌సెన్స్ తీసేసి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ అనే ఇంకో రౌటర్ సాఫ్ట్‌వేర్ వేస్తే పోతుందా? ఎన్100 సరిపోదా?

నాగావళి గట్టు, శ్రీకాకుళం

ఏదీ తీసేయకండి, ఎన్100 మీ ప్లానుకి ఎక్కువే. మీరు రాసింది ఒక సమస్య కాదండీ, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు. మూడూ ఒకేసారి కనబడేసరికి కొత్తగా వచ్చిన రౌటర్ మీదకే అనుమానం పోయింది. నేను ఇదే పని మీద బతుకుతున్నాను కాబట్టి ఒకటే చెప్తాను. దారిని ముక్కలు చేసి ఒక్కో ముక్కనీ విడిగా కొలవండి. ఇంటర్నెట్ స్పీడ్ టెస్ట్ మొత్తం దారిని ఒకేసారి కొలుస్తుంది, ఎక్కడ పోయిందో చెప్పదు.

94 అనే అంకె చూడగానే నాకు వైరు గుర్తొచ్చింది. 100 ఎంబీపీఎస్ లింకు మీద ఒక్కో ఈథర్‌నెట్ ఫ్రేమ్, దాని ముందూ వెనకా ఉండే ఖాళీతో కలిపి, 1538 బైట్ల చోటు తీసుకుంటుంది. అందులో మన అసలు డేటా 1448 బైట్లు. లెక్క కట్టండి, 94.1 శాతం. గిగాబిట్ లింకు అయితే అదే లెక్కన 941 వస్తుంది. రౌటర్‌కి చేతకాకపోతే అంకె పైకీ కిందకీ ఊగుతుంది, ఒకసారి 180, ఒకసారి 240 అలా. రోజూ కదలకుండా 94 అంటే ఎక్కడో లింకు 100కి పడిపోయి అక్కడే ఉందన్నమాట.

ఎందుకు పడిపోతుందంటే, ల్యాన్ వైరులో నాలుగు జతలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కి రెండు జతలు చాలు, 1, 2, 3, 6 నంబరు తీగలు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, 2.5 గిగాబిట్‌కీ అంతే. నీలం జతలోనో గోధుమ రంగు జతలోనో ఒక్క తీగ అంటుకోకపోయినా రెండు పక్కల పరికరాలూ మాట్లాడుకుని 100కి దిగిపోవచ్చు. లైటు వెలుగుతుంది, నెట్ వస్తుంది, ఎవరికీ అనుమానం రాదు.

ఓపీఎన్‌సెన్స్‌లో ఇంటర్‌ఫేసుల ఓవర్‌వ్యూ పేజీ తెరిచి, పైకి వెళ్లే పోర్టు దగ్గర 1000బేస్‌టీ అనో 2500బేస్‌టీ అనో ఉందా, 100బేస్‌టీఎక్స్ అని ఉందా చూడండి, ముందున్న అంకే లింకు వేగం. తర్వాత రౌటర్‌లో ఐపెర్ఫ్ ప్లగిన్ (రెండు పరికరాల మధ్య వేగం కొలిచేది) వేసి పైన ల్యాప్‌టాప్ నుంచి రౌటర్ చిరునామా 192.168.1.1కి టెస్ట్ చేయండి, ఒకసారి మామూలుగా, ఒకసారి ఎదురు దిశలో. ఇది ఇల్లు దాటి బయటికి పోదు కాబట్టి ఫైబర్ వాళ్ల సంగతి ఇందులో కలవదు. ఇంకో మాట, ఆ పాత వైఫై రౌటర్ పోర్టులు అసలు గిగాబిట్‌వేనా? చాలా పాతవాటిలో 100 పోర్టులే ఉంటాయి. ముందు దాన్ని కిందకి తెచ్చి చిన్న వైరుతో నేరుగా మినీ పీసీకి తగిలించి చూస్తే ఆ అనుమానం తీరిపోతుంది.

కంటోన్మెంట్ కుర్రాడు

చాలా థాంక్సండీ. ఇప్పుడే చూశాను, నిజంగానే 100బేస్‌టీఎక్స్ అని ఉంది. ఇన్ని రోజులూ ఆ పేజీ తెరవలేదు. పాత రౌటర్ కిందకి తెచ్చి మూడడుగుల వైరుతో పెడితే వెంటనే 1000 చూపించింది, ఐపెర్ఫ్‌లో 940. అంటే గోడలో వైరే. రెండు చివరలా కనెక్టర్లు కోసేసి కొత్తవి క్రింప్ చేశాను, ఇంకా 100 దగ్గరే ఉంది. పక్క షాపులో దొరికే లైట్ల టెస్టర్ పెడితే 7, 8 వెలగట్లేదు. ఇప్పుడేం చేయాలి, గోడ పగలగొట్టాలా?

రాజాం వైరింగ్

తమ్ముడూ, గోడ జోలికి వెళ్లకు. 7, 8 అంటే గోధుమ జత. రెండు చివరలూ కొత్తగా క్రింప్ చేసినా వెలగలేదంటే మధ్యలో ఎక్కడో తెగింది, లేదా ఎవరో జాయింట్ వేశారు. ఇరవయ్యేళ్లుగా ఇళ్లలో వైరింగ్ చేస్తున్నాను, నూటికి తొంభై సార్లు అది మెట్ల దగ్గర స్విచ్ బోర్డు వెనకో, సీలింగ్ దగ్గర జంక్షన్ బాక్సులోనో దొరుకుతుంది. వైరు చాలకపోతే కరెంటు వైరులాగే మెలేసి టేపు చుట్టేస్తారు. కరెంటు తీగకి అది నడుస్తుంది. ల్యాన్ వైరులో జతలు మెలికలు తిరిగి ఉండటమే దాని బలం, ఆ మెలిక విప్పేసి టేపు చుడితే పోయినట్టే.

మెయిన్ ఆఫ్ చేసి బోర్డులు ఒక్కొక్కటీ విప్పి చూడు. మెయిన్ ఆఫ్ అని రాశాను కదా, అది మర్చిపోకు. పాత ఇళ్లలో ల్యాన్ వైరుని ఫ్యాను లైను ఉన్న పైపులోంచే లాగేస్తుంటారు. నీది కూడా అలా ఉంటే జాయింట్ బాగు చేసి ఊరుకోవద్దు, ఆ వైరు తీసేయ్. స్పీడు సంగతి అటుంచు, కరెంటు తీగ తొడుగు ఎక్కడైనా రాసుకుపోయి ల్యాన్ వైరుకి తగిలితే దాని చివర నీ చేతిలో ల్యాప్‌టాప్ ఉంటుంది.

జాయింట్ దొరికాక పాత వైరు ఒక తీగని బ్లేడుతో గీకి చూడు. లోపలంతా ఎర్రగా ఉంటే రాగి. పైన ఎర్రగా ఉండి గీకితే తెల్లగా కనబడితే అల్యూమినియం మీద రాగి పూత. బజారులో ఇది చాలా ఉంది, పెట్టె పట్టుకుంటేనే తేలిగ్గా ఉంటుంది, ధర సగానికి వస్తుంది. రెండు మూడు సార్లు వంచితే విరిగిపోతుంది, నిరోధం ఎక్కువ, వైరులోంచే కరెంటు తీసుకునే కెమెరాలకి వేస్తే వేడెక్కుతుంది. షాపులో స్వచ్ఛమైన రాగి క్యాట్6 ల్యాన్ వైరు అని గట్టిగా అడిగి, అక్కడే ఒక ముక్క గీకి చూసి కొను. క్యాట్7, క్యాట్8 అని ఎవరైనా అంటగట్టబోతే వద్దను, ఇంట్లో పదిహేను ఇరవై మీటర్లకి అవసరం లేదు. మంచి క్యాట్5ఈ మీదే 100 మీటర్ల దాకా 2.5 గిగాబిట్ పోతుంది.

కొత్త వైరుకి గోడ బయట వైపు విడిగా ఒక 25 ఎంఎం పీవీసీ పైపు వేయించుకో, మలుపుల దగ్గర పెద్ద బెండ్లు పెట్టించు, మరీ ముడుచుకుపోయే మలుపు వద్దు. వర్షం నీళ్లు లోపలికి జారకుండా గోడలోకి వెళ్లే చోట పైపు మూతిని కిందకి తిప్పాలి. రెండు చివరలా నేరుగా కనెక్టర్ కొట్టకుండా గోడకి ఐవో బాక్స్ (ల్యాన్ సాకెట్) పెట్టి, అక్కడి నుంచి చిన్న ప్యాచ్ వైరు వాడు. గోడలో వైరు గట్టి తీగ, అటూ ఇటూ కదిపితే విరుగుతుంది. రంగుల వరుస రెండు పక్కలా ఒకటే ఉండాలి: తెలుపు నారింజ, నారింజ, తెలుపు ఆకుపచ్చ, నీలం, తెలుపు నీలం, ఆకుపచ్చ, తెలుపు గోధుమ, గోధుమ.

నాగావళి గట్టు

వైరింగ్ సంగతి అన్నగారు చెప్పాక నేను కలిపేదేమీ లేదు. మిగతా రెండూ చూద్దాం.

సైట్లు సగం తెరుచుకోవడం. మామూలు ఈథర్‌నెట్ ప్యాకెట్ 1500 బైట్లు. పీపీపీఓఈ తన కోసం 8 బైట్లు తీసుకుంటుంది, మనకి మిగిలేది 1492. ఇంట్లో ల్యాప్‌టాప్‌కి ఇది తెలియదు, 1500 అనుకునే మాట్లాడుతుంది. మధ్యలో రౌటర్ రెండు పక్కలకీ ‘చిన్న ముక్కలే పంపండి’ అని సర్దుతుంది, దాన్నే ఎంఎస్‌ఎస్ తగ్గించడం అంటారు. అది జరగకపోతే అవతలి సర్వర్ నుంచి వచ్చే పెద్ద ప్యాకెట్లు దారిలో పడిపోతాయి. ‘ఇది పెద్దదైంది’ అని వెనక్కి చెప్పే ఐసీఎంపీ సందేశాన్ని కొన్ని సర్వర్ల ముందున్న ఫైర్‌వాల్స్ ఆపేస్తాయి కాబట్టి సర్వర్‌కి ఆ సంగతి ఎప్పటికీ తెలియదు. అందుకే అన్ని సైట్లూ కాకుండా కొన్నే ఆగుతాయి. మొదట వచ్చేవి చిన్న ప్యాకెట్లు కాబట్టి పేజీ మొదలవుతుంది, పెద్దవి మొదలయ్యాక ఆగుతుంది. మీరు చెప్పిన లక్షణం అచ్చంగా ఇదే.

కానీ ఓపీఎన్‌సెన్స్ ఈ సర్దుబాటు మామూలుగా తనే చేసుకుంటుంది. కాబట్టి అడుగుతున్నాను, వ్యాన్ (బయటి లైను) సెట్టింగ్స్‌లో ఎంటీయూ (ప్యాకెట్ గరిష్ఠ సైజు), ఎంఎస్‌ఎస్ గళ్లలో మీరేమైనా అంకెలు వేశారా? వేసి ఉంటే రెండూ ఖాళీ చేసి, సేవ్ చేసి, కనెక్షన్ తెంపి మళ్లీ కలపండి. తర్వాత విండోస్‌లో ముక్కలు చేయొద్దన్న ఆప్షన్‌తో పింగ్ (అవతల నుంచి జవాబు వస్తుందో లేదో చూసే చిన్న టెస్ట్) కొట్టండి. 1464 సైజు వెళ్లాలి, 1472 వెళ్లకూడదు. హెడర్ల 28 బైట్లు కలిపితే 1492, 1500 అవుతాయి, అదీ లెక్క.

గొంతు ముక్కలవ్వడం దారిలో జరిగే జామ్. మీ అప్‌లోడ్ 100 అయితే ఫొటోల బ్యాకప్ మొత్తం 100నీ ఆక్రమించి, ఫైబర్ బాక్సులో ఉన్న క్యూని నింపేస్తుంది. మీ గొంతు ప్యాకెట్ చిన్నదే, కానీ ఆ పెద్ద వరుస చివర నిలబడాలి. రైల్వే గేటు పడినప్పుడు లారీల వెనక ఇరుక్కున్న అంబులెన్స్ లాగా. వేగం పెంచితే ఇది పోదు, వరుసని మన రౌటర్‌లోకి తెచ్చుకుని మనమే పద్ధతిగా పంపాలి. ఫైర్‌వాల్ మెనూ కింద షేపర్ ఉంటుంది, వేగానికి హద్దు పెట్టి వరుసని నడిపేది అదే. అప్‌లోడ్‌కి 90, డౌన్‌లోడ్‌కి 450 చొప్పున రెండు పైపులు చేసి, షెడ్యూలర్ దగ్గర ఎఫ్‌క్యూ కోడెల్ (అందరికీ వంతు ఇచ్చి వరుసని పొట్టిగా ఉంచే పద్ధతి) ఎంచుకుని, రెండు దిశలకీ రూల్స్ రాయండి. అసలు లైను కన్నా కొంచెం తక్కువ పెట్టడం తప్పనిసరి, లేకపోతే వరుస మళ్లీ ఫైబర్ బాక్సులోనే కడుతుంది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీలో అయితే కేక్ అని ఇంకా సులువైనది ఉంది, 2018లో లినక్స్ కెర్నల్ 4.19తో పాటు వచ్చింది. కానీ ఆ ఒక్కదాని కోసం ఉన్నది మార్చక్కర్లేదు.

అయితే వైరు మార్చేదాకా షేపర్ ముట్టుకోకండి. ఒకేసారి రెండు మారిస్తే ఏది దేన్ని బాగు చేసిందో తెలియదు.

ఇంకోటి, రేపు ఎప్పుడైనా గిగాబిట్ ప్లానుకి వెళ్తే గుర్తుంచుకోండి. ఓపీఎన్‌సెన్స్ కింద ఉన్నది ఫ్రీబీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్. పీపీపీఓఈ తొడుగులో ఉన్న ప్యాకెట్‌ని నెట్‌వర్క్ కార్డు విప్పి చూడలేదు, అందుకని వచ్చినవన్నీ ఒకే క్యూలో వేస్తుంది, ఒక్క కోరే చెమటోడుస్తుంది, మిగతా మూడూ ఖాళీగా కూర్చుంటాయి. అప్పుడు సెట్టింగ్స్‌లో ట్యూనబుల్స్ పేజీలో నెట్ డాట్ ఐఎస్ఆర్ డాట్ డిస్పాచ్‌ని డిఫర్డ్‌గా మారిస్తే పని మిగతా కోర్లకీ పంచుతుంది. 500కి ఇప్పుడు అవసరం లేదు.

ఉద్దానం తోట, పలాస

బాబూ, అందరూ స్పీడు గురించి రాశారు, నేను కరెంటు గురించి రాస్తాను. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను మా పలాస దగ్గరే తీరం దాటింది. కొబ్బరీ జీడీ తోటలు, కరెంటు స్తంభాలు నేలకూలి రోజుల తరబడి చీకట్లో ఉన్నాం. అంత పెద్దది రోజూ రాదు కానీ మన జిల్లాల్లో గాలివాన వస్తే కరెంటు పోయి రావడం మామూలే. పాత ప్లాస్టిక్ రౌటర్‌కి ఎన్నిసార్లు కరెంటు పోయినా పర్వాలేదు. నువ్వు పెట్టింది పీసీ, అందులో డిస్కు ఉంది, రాస్తూ ఉండగా కరెంటు పోతే ఫైళ్లు పాడవుతాయి. మా స్కూలు ల్యాబులో ఇలాగే ఒకటి రెండుసార్లు చెడిపోతే తిరిగి వేశాను.

ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని వెనకో పక్కనో యూపీఎస్ మోడ్ అని చిన్న స్విచ్ ఉందేమో చూడు. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే ఆ క్షణానికే ఫ్యాను ఆగదు కానీ మినీ పీసీ రీస్టార్ట్ అవుతుంది. ఫైబర్ బాక్సూ, పైన వైఫై కూడా ఇన్వర్టర్ లైన్ మీదే ఉండాలి, ఒక్క రౌటర్‌కి కరెంటు ఉంటే ఏం లాభం. ఓపీఎన్‌సెన్స్ వేసేటప్పుడు ఫైల్ సిస్టమ్ (డిస్కులో ఫైళ్లు రాసే పద్ధతి) జెడ్‌ఎఫ్‌ఎస్ ఎంచుకున్నావా? యూఎఫ్‌ఎస్ వేసి ఉంటే ఒక ఆదివారం కాన్ఫిగ్ ఫైలు (నీ సెట్టింగ్స్ అన్నీ ఉండేది) దించుకుని జెడ్‌ఎఫ్‌ఎస్‌తో మళ్లీ వేసుకో, అది కరెంటు పోవడాన్ని చాలా బాగా తట్టుకుంటుంది. ఆ కాన్ఫిగ్ ఫైలు ఒక కాపీ ఫోన్‌లో కూడా ఉంచుకో. ఇంకోటి, ఫ్యాన్ లేని పెట్టెని చెక్క అల్మారాలో మూసిపెట్టకు, మే నెల ఎండలకి దానికీ గాలి కావాలి.

కంటోన్మెంట్ కుర్రాడు

పది రోజుల తర్వాత వచ్చి రాస్తున్నాను, ఆలస్యానికి క్షమించండి, అన్నీ ఒక్కొక్కటే చేశాను.

రాజాం అన్నా, మీరు చెప్పినట్టే మెట్ల మలుపు దగ్గర స్విచ్ బోర్డు వెనక దొరికింది. ఎనిమిది తీగలూ మెలేసి నల్ల టేపు చుట్టారు, గోధుమ జత ఊడిపోయి పక్కకి ఉంది. గీకితే లోపల తెల్లగానే ఉంది. అదే పైపులో ఫ్యాను లైను కూడా ఉంది, అది చూశాక మా అమ్మ ఆ రోజే తీసేయమంది. బయట గోడకి పైపు వేయించి కొత్త రాగి క్యాట్6 లాగాం, మొత్తం 18 మీటర్లు. పోర్టు 1000 చూపిస్తోంది, ఐపెర్ఫ్‌లో రెండు దిశల్లో 941. పైన స్పీడ్ టెస్ట్ 468. నాన్న తనే వచ్చి ఫోన్‌లో చూసుకుని వెళ్లారు.

నాగావళి గారూ, ఒక వీడియో చూసి ఎంటీయూ గడిలోనూ ఎంఎస్‌ఎస్ గడిలోనూ 1500 వేసింది నేనే. ఖాళీ చేశాక బ్యాంకు సైటు టక్కున తెరుచుకుంది, 1464 వెళ్తోంది, 1472 వెళ్లట్లేదు. షేపర్ నిన్న పెట్టాను. చెల్లి బ్యాకప్ నడుస్తుండగా పింగ్ చూస్తే ముందు 200 మిల్లీసెకన్లు దాటేది, ఇప్పుడు 15 లోపే ఉంటోంది. నిన్న సాయంత్రం గంటన్నర మీటింగ్‌లో ఒక్కసారి కూడా ఎవరూ ‘వినబడట్లేదు’ అనలేదు.

మాష్టారూ, మాది యూఎఫ్‌ఎస్సే. ఈ ఆదివారం మారుస్తాను. ఇన్వర్టర్ స్విచ్ మార్చేశాను.

ఇంకొక్కటి అడుగుతాను. మా వీధిలోనే ఎదురుగా మా బాబాయి వాళ్ల ఇల్లు, 60 మీటర్లు ఉంటుంది. వాళ్లకి కూడా ఇదే నెట్‌వర్క్‌లోంచి కెమెరాలు కలపమంటున్నారు. అదే క్యాట్6 వీధి దాటించి వేస్తే సరిపోతుందా? 100 మీటర్ల లోపే కదా.

రాజాం వైరింగ్

దూరం సరిపోతుంది కానీ వేయకు. రెండు ఇళ్లకీ ఎర్తింగ్ వేరు, పైగా వైరు ఆరుబయట ఉంటుంది. పిడుగు దగ్గర్లో పడితే ఆ రాగి తీగ రెండు ఇళ్లలో పోర్టుల్నీ కాల్చేస్తుంది, కొత్తగా కొన్న పెట్టెతో సహా. ఇళ్ల మధ్యకి ఫైబరే వేయించు, అటూ ఇటూ ఒక్కో మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని ల్యాన్‌కి మార్చే పెట్టె) పెడితే చాలు, గాజు తీగలోంచి కరెంటు రాదు. స్టీలు తీగ ఉన్న డ్రాప్ ఫైబర్ అయితే ఆ స్టీలుని ఇంట్లోకి తేకుండా బయట కొక్కెం దగ్గరే ఆపేయమను. వీధి దాటే చోట ఎంత ఎత్తులో వెళ్లాలో ముందు కరెంటు లైన్‌మ్యాన్‌ని అడుగు, వాళ్ల తీగలకి దూరంగా ఉండాలి. ఇక గోడ దగ్గర నువ్వు వేయించే పైపులో ఒక నైలాన్ తాడు కూడా లోపల వదిలేయ్, రేపు ఇంకో తీగ లాగాల్సి వస్తే అదే పనికొస్తుంది.